డెవలప్‌మెంట్‌కి ఇచ్చిన ఊరు

హైదరాబాద్ తెలుగులో ‘డెవలప్‌మెంట్’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి ప్రసంగాల్లో వినబడేది: రోడ్లు, ఫ్లైఓవర్లు, అద్దాల మేడలు. రెండోది ఇళ్లలో వినబడేది. ‘మా ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం’ అంటే పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టుకోమని బిల్డరుకు రాసిచ్చామని, లేచిన ఫ్లాట్లలో సగమో, కాస్త అటూ ఇటుగానో మా వాటాకు వస్తాయని అర్థం. ఆ ఒప్పందం మీద రెండే సంతకాలుంటాయి, ఓనరుదీ బిల్డరుదీ. ఆ ఇంట్లో వెనక పోర్షన్‌లో అద్దెకున్న కుటుంబం, ముందు మల్గీలో కుట్టుమిషను పెట్టుకున్న టైలరు ఆ కాగితంలో ఎక్కడా కనబడరు. వాళ్లకు అందేది నోటిమాట: వచ్చే నెలాఖరుకు ఖాళీ చేయండి. పడమటి హైదరాబాద్‌లో పాతికేళ్లకు పైగా జరుగుతున్న మార్పును ఈ చిన్న ఒప్పందానికి పెద్ద అచ్చుగా చూడవచ్చు. ఆ ప్రాంతం మారినందువల్ల వచ్చిన లాభం అక్కడ ఉంటున్న వాళ్లందరి మధ్యా కాక, అక్కడ భూమి ఉన్నవాళ్ల మధ్యే పంపకమైంది. ఉండటానికీ సొంతం కావడానికీ మధ్య ఉన్న ఈ తేడాను మన చట్టాలు, పథకాలు, లెక్కలు ఏవీ గుర్తించడం లేదు.

కథ ఎక్కడ మొదలైందో అందరికీ తెలుసు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2001లో సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ వచ్చింది. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ మరో పదకొండు మున్సిపాలిటీలు, ఎనిమిది గ్రామ పంచాయతీలతో పాటు మహానగర పాలక సంస్థలో కలిసింది. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకి, అదే ఏడాది చివర రాయదుర్గానికి చేరింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వేలాడింది. మాదాపూర్, కొత్తగూడ, కొండాపూర్, ఖానామెట్, ఇజ్జత్‌నగర్, గుట్టల బేగంపేట, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఇప్పుడు చాలామందికి ఏరియాల పేర్లు. కానీ ఆ పేర్లు ఉన్న ఊళ్లు ఎక్కడికీ పోలేదు. పెద్ద రోడ్డు వదిలి రెండు మలుపులు తిరిగితే గ్రామకంఠం, అంటే పాత ఊరి ఇళ్ల జాగా, వస్తుంది. రెండు బైకులు ఎదురైతే ఒకటి ఆగాల్సిన గల్లీ, పోచమ్మ గుడి, వేపచెట్టు, దాని పక్కనే నూరు గజాలు కూడా లేని జాగాలో నాలుగైదంతస్తులు.

ఈ నూరు గజాల ఇళ్ల గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఐటీ కారిడార్ నిలబడ్డది వీటి మీదే. గ్రామకంఠం భూములకు పట్టాదారు పుస్తకాలుండవు, చాలా ఇళ్లకు ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు తప్ప వేరే కాగితాలుండవు. బ్యాంకు అప్పివ్వదు, పెద్ద బిల్డరు రాడు. కాబట్టి ఓనరు తన డబ్బుతో, చీటీ పాడిన డబ్బుతో, ఒక అంతస్తు అద్దెల మీద ఇంకో అంతస్తు వేసుకుంటూ పోయాడు. అంతస్తుకు మూడు నాలుగు సింగిల్ రూములు, పైన రేకుల పెంట్‌హౌసు. సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, క్యాబ్ డ్రైవర్లు, డెలివరీ కుర్రాళ్లు, ఆఫీసు క్యాంటీన్ల వంటవాళ్లు, మొదటి ఉద్యోగంలో చేరిన బ్యాచిలర్లు అందరూ అక్కడే సర్దుకున్నారు. టవర్లు కట్టించిన ప్రభుత్వం ఆ టవర్లు ఊడ్చేవాళ్లు ఎక్కడుంటారని ఆలోచించలేదు. అది ఆలోచించకపోయినా నగరం నడిచిందంటే, ఆ పని పాత ఊళ్లు మారుమాట్లాడకుండా చేసిపెట్టాయి గనుక. ఏ ప్రణాళికలోనూ లేని, ఏ సబ్సిడీ తీసుకోని చౌక అద్దె ఇళ్ల పథకం అది.

ఆ పథకం ఇప్పుడు లోపలినుంచి కరుగుతోంది. కరిగే తీరు చాలా మామూలుగా ఉంటుంది, అందుకే వార్త కాదు. ఓనరు ఒక అంతస్తును హాస్టల్ నడిపేవాళ్లకు లీజుకిస్తాడు. కుటుంబమైతే రూముకు అద్దె కడుతుంది, హాస్టలైతే మంచానికి అద్దె వసూలు చేస్తుంది. ఒక గదిలో నాలుగు మంచాలు పడితే నాలుగు అద్దెలు. ఈ లెక్క తెలిశాక కుటుంబాన్ని ఉంచుకోవడానికి ఓనరుకు మొహమాటం తప్ప కారణం ఉండదు. కనుక ముందు పిల్లలున్న కుటుంబాలు కదులుతాయి. దాంతో పిల్లల బడి మారుతుంది, తల్లి చేసే రెండిళ్ల పని పోతుంది, నెలాఖరు దాకా ఖాతా రాసుకునే కిరాణా కొట్టు గిరాకీ తగ్గుతుంది. కొన్నాళ్లకు ఆ కొట్టు షట్టరు వెనక పది నిమిషాల్లో సరుకులు చేర్చే కంపెనీ గోదాము వస్తుంది. పక్క మల్గీలో టైలరు స్థానంలో కర్రీ పాయింట్, కర్రీ పాయింట్ స్థానంలో కాఫీ షాపు. ఇస్త్రీ బండి సెల్లార్లోంచి రోడ్డు మీదికి, రోడ్డు మీదినుంచి ఇంకో వీధికి జరుగుతుంది. ఇందులో ఎవరూ ఎవరినీ మెడపట్టి గెంటలేదు. ప్రతి ఒక్కరూ తమకు తోచిన సబబైన పనే చేశారు. ఫలితం మాత్రం, పదేళ్లకోసారి చూస్తే, గల్లీ అదే, మనుషులు వేరు.

దీనికి పాశ్చాత్యులు పెట్టిన పేరు జెంట్రిఫికేషన్. 1964లో లండన్ గురించి రాస్తూ రూత్ గ్లాస్ అనే సమాజశాస్త్రవేత్త పుట్టించిన మాట. కూలీనాలీ జనం ఉండే పాత ఇళ్లను మధ్యతరగతి వాళ్లు ఒక్కొక్కటే కొని బాగుచేసుకుంటూ పోతే పాతవాళ్లు ఎలా తరిగిపోతారో ఆమె చూపించారు. మనవాళ్లు ఆ మాటను ఉన్నదున్నట్టు తెచ్చి హైదరాబాద్‌కు అంటిస్తుంటారు. పూర్తిగా అతకదు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ జంట గ్రామకంఠంలో పాత పెంకుటిల్లు కొని ముస్తాబు చేసుకోదు. అర కిలోమీటరు అవతల ప్రహరీ లోపల ముప్పయ్యో అంతస్తులో ఉంటుంది. వాళ్లు ఊళ్లోకి రారు, వాళ్ల రేట్లు వస్తాయి. ఇంకో పెద్ద తేడా ఉంది. లండన్‌లో ఈ మార్పును ముందుకు తోసింది ఇళ్లు కొన్నవాళ్లు. ఇక్కడ ముందుకు తోసిందీ, తోస్తున్నదీ ప్రభుత్వం, అదీ నియమాలు చేసే హోదాలో మాత్రమే కాదు, భూమి అమ్మే వ్యాపారి హోదాలో.

ఈ పడమటి వైపే ఉన్న కోకాపేటలో సర్కారు జరిపిన భూముల వేలాలు చూడండి. 2006లో నగరాభివృద్ధి సంస్థ హుడా వేలంలో ఎకరా 14 కోట్ల దాకా పోతే నగరం ముక్కున వేలేసుకుంది. 2021 జూలైలో హుడా స్థానంలో వచ్చిన హెచ్‌ఎండీఏ నియోపొలిస్ లేఅవుట్‌లో గరిష్ఠంగా 60 కోట్లు దాటింది. 2023 ఆగస్టులో 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరాకు 4,840 గజాల చొప్పున గజం రెండు లక్షల పైమాటే. ఆ రోజు 45 ఎకరాల చిల్లర మీద ఖజానాకు దాదాపు 3,320 కోట్లు వచ్చాయి. ఆ డబ్బు ప్రభుత్వానికి అవసరమే, అందులో తప్పుపట్టేదేమీ లేదు. కానీ వేలం పాటలో పలికిన ధర ఆ ప్లాటు దగ్గరే ఆగదు. అది చుట్టుపక్కల పది ఊళ్లకు కొత్త కొలబద్ద అవుతుంది. మర్నాటినుంచి ప్రతి ఓనరూ తన నూరు గజాలను ఆ ధరతో పోల్చుకుంటాడు, ప్రతి బ్రోకరూ ఆ అంకెతోనే మాట మొదలుపెడతాడు. గజం ధర పెరిగిన కొద్దీ సింగిల్ రూముల అద్దె ఓనరుకు అంతకంతకూ చిన్నగా కనబడుతుంది. ప్రైవేటు మార్కెట్ తెచ్చిపెట్టిన కష్టమని మనం అనుకునే దానిలో మొదటి పాట పాడించింది సర్కారు సుత్తే.

ఇక్కడ ఆర్థికవేత్తల ఆక్షేపణ ఒకటుంది, గట్టిదే. ఇళ్లు ఎక్కువ కడితే అద్దెలు తగ్గుతాయి కదా, హైదరాబాద్ ఆ విషయంలో దేశానికే పాఠం చెప్పింది కదా అంటారు. నిజమే. 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు జీవోతో ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ అనే, జాగాకు ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే పరిమితి ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం సరిపోతే ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చు. ముంబైతో పోలిస్తే ఇక్కడ మధ్యతరగతి మనిషికి మూడు గదుల ఇల్లు అందుబాటులో ఉందంటే ఈ సడలింపు పాత్ర అందులో ఉంది. అయితే ‘ఇళ్లు’ అనేది ఒకే సరుకు కాదు. యాభై అంతస్తుల టవరుకు లిఫ్టులు, అగ్నిమాపక ఏర్పాట్లు, కాంక్రీటు, ఉక్కు ఖర్చు చదరపు అడుగుకు మామూలు ఇంటికంటే బాగా ఎక్కువ. గజం రెండు లక్షలకు కొన్న జాగాలో కట్టేవాడు రెండు వేలు, మూడు వేల చదరపు అడుగుల ఫ్లాట్లే కడతాడు. రెండు వందల యాభై అడుగుల గది కట్టి నెలకు ఆరు వేలకు అద్దెకివ్వడు. పైన ఎన్ని ఫ్లాట్లు పెరిగినా ఒక్కో ఫ్లాటూ ఇద్దరు పనివాళ్ల అవసరాన్ని పెంచుతుంది తప్ప, ఆ ఇద్దరికి గది చూపించదు. గది చూపించే గ్రామకంఠం మాత్రం అదే సమయంలో తరుగుతోంది. సరఫరా పెరిగిందనడమూ నిజమే, చౌక గది సరఫరా తగ్గిందనడమూ నిజమే. రెండూ ఒకే కారణం వల్ల జరుగుతున్నాయి.

ఊళ్లవాళ్లు బాగుపడలేదా అన్నది రెండో ఆక్షేపణ. బాగుపడ్డారు, అందరూ కాకపోయినా చాలామంది. ఎద్దులబండి తోలినవాళ్ల మనవళ్లు అమెరికాలో చదువుతున్నారు. డ్రైనేజీ వచ్చింది, నల్లా వచ్చింది, రాత్రి తొమ్మిదికి ఆడపిల్ల ఒంటరిగా రాగలిగే వెలుతురు వచ్చింది. పాత ఊరు తిరిగి రావాలని అక్కడ ఎవరూ కోరుకోవడం లేదు, కోరమనడం బయటివాళ్ల విలాసం. పొలాలను 1894 నాటి చట్టం కింద కారుచౌకగా ఇచ్చేసి, మిగిలిన ఇంటి జాగాతో ఇన్నాళ్లకు నాలుగు డబ్బులు చూస్తున్నవాణ్ణి ‘నీ అద్దె తగ్గించుకో’ అనే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే ఆ బాగు ఎవరి దగ్గర ఆగిందో కూడా చూడాలి. ప్రభుత్వం మధ్యమధ్య దయతలచిన ప్రతిసారీ ఆ దయ కాగితం ఉన్నవాడికో, కాగితం పుట్టించుకోగలిగినవాడికో అందింది. 2014 డిసెంబరు నాటి 58వ నంబరు జీవో సర్కారు జాగాలో 125 గజాల లోపు ఇల్లు కట్టుకున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరణ ఇచ్చింది, అదే రోజు వచ్చిన 59 అంతకు మించినవాళ్లకు డబ్బు తీసుకుని ఇచ్చింది. మంచి పనే. అదే ఇంట్లో పదేళ్లుగా అద్దెకున్న పేదకు ఆ రోజు ఏం వచ్చింది? ఓనరుకు పట్టా వచ్చింది కనుక కిరాయి పెరగడం ఒక్కటే వచ్చింది.

అద్దెదారును చూసే చట్టమే లేదా అంటే ఉంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 దాటితే అది వర్తించదు. ఈ రోజు గచ్చిబౌలి చుట్టుపక్కల 3,500కు దొరికేది హాస్టల్లో సగం మంచం. చట్టం చావలేదు, కోర్టుల్లో పాత పేచీల కోసం బతికే ఉంది, కొత్తగా వచ్చే కిరాయిదారుకు మాత్రం లేనట్టే. దాన్ని మళ్లీ బతికించమని ఈ వ్యాసం అడగడం లేదు. అద్దెలకు తాళం వేస్తే ఓనర్లు గదులకు తాళం వేస్తారని ముంబై దశాబ్దాలుగా రుజువు చేసింది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కొంత నయం. రాతపూర్వక ఒప్పందం, రెండు నెలలకు మించని అడ్వాన్సు, అద్దె పెంచాలంటే ముందస్తు నోటీసు అందులో ఉన్నాయి. కానీ అదీ ఓనరుకూ కిరాయిదారుకూ మధ్య తగవు తీర్చే చట్టమే. గదులే తగ్గిపోతుంటే తగవు తీర్చే చట్టం ఎంత దాకా ఆదుకుంటుంది?

మూడో ఆక్షేపణ పరిశోధనల వైపునుంచి వస్తుంది. న్యూయార్క్‌లో 1990ల దశకాన్ని పరిశీలించి లాన్స్ ఫ్రీమన్, ఫ్రాంక్ బ్రకోనీ 2004లో ఒక ఆశ్చర్యకరమైన సంగతి ప్రకటించారు: ధరలు పెరుగుతున్న పేటల్లోని పేద కుటుంబాలు మిగతా పేటల పేదలకంటే తక్కువగా ఇళ్లు మారాయని. పేట బాగుపడితే పేదలు కూడా పళ్లబిగువున అక్కడే ఉండాలనుకుంటారని వాళ్ల వివరణ. దాని మీద తర్వాత చాలా వాదం నడిచింది. ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నా ఇక్కడ ఒకటి గమనించాలి. న్యూయార్క్‌లో అద్దె స్థిరీకరణ కింద లక్షల ఇళ్లున్నాయి, ప్రభుత్వమే ఓనరుగా ఉన్న ఇళ్లు కూడా లక్షకు పైగా ఉన్నాయి. పళ్లబిగువున ఉండటానికి పట్టుకునే కొమ్మ ఉంది. మాదాపూర్‌లో పదకొండు నెలల నోటిమాట ఒప్పందం మీద ఉన్నవాడికి ఆ కొమ్మ లేదు. ఆ పైన, న్యూయార్క్‌లో కుటుంబాలు ఎప్పుడు ఎక్కడికి మారాయో అడిగి తెలుసుకునే సర్వే ఉంది కాబట్టే ఆ వాదమైనా సాగింది. మనకు చివరి జనగణన 2011ది. అప్పటి లెక్కల్లో గ్రేటర్ జనాభా 67 లక్షలు. మురికివాడలు 1,476 అని నగరపాలక సంస్థ పత్రాల్లో ఉంటుంది. నగరం ఈ పక్కకు విరగబడి పెరిగిన కాలంలో చాలా భాగం ఆ లెక్క తర్వాతిదే. ఎంతమంది వెళ్లిపోయారో రుజువు చూపించమని అడిగేవాళ్లు, వెళ్లినవాళ్లను లెక్కపెట్టే ఏర్పాటు మనం చేయలేదన్న సంగతి కూడా ఒప్పుకోవాలి.

సరే, ఆ గల్లీ ఇళ్లు అంత గొప్పవా అని అడగవచ్చు. కావు. 2016 డిసెంబరులో నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి పదకొండుమంది చనిపోయారు, అక్కడే పనిచేస్తూ అక్కడే పడుకున్న వలస కూలీలు, వాళ్ల కుటుంబాలు. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది గుంతలు తవ్వితే, చిన్న జాగాలో లేచిన బహుళ అంతస్తుల ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. అధికారులు దాన్ని కూల్చేశారు. చౌక గది పేరుతో ఈ ప్రమాదాన్ని ఎవరూ సమర్థించలేరు. అయితే అధికారుల దగ్గర ఈ ఇళ్లకు ఉన్న మందులు రెండే రెండు: చూసీచూడనట్టు వదిలేయడం, లేదా కూల్చేయడం. నూరు గజాల ఇంటి పునాది, పిల్లర్లు పరీక్షించి, ఎన్ని అంతస్తులు మోస్తుందో చెప్పి, బలపరిస్తే అంతవరకు చట్టబద్ధం చేసే మధ్యదారి లేదు. ఆ దారి లేనందుకు రెండు వైపులా నష్టం. వదిలేసిన ఇల్లు ఎప్పుడు ఒరుగుతుందో తెలియదు, కూల్చిన ఇంటి స్థానంలో గదులు మళ్లీ రావు. బలపరచడానికి అయ్యే ఖర్చులో సగం సర్కారు పెట్టుకుని, బదులుగా కొన్నేళ్లపాటు ఆ గదులను హాస్టలుగా మార్చకుండా కుటుంబాలకే ఇవ్వాలని ఓనరుతో రాయించుకుంటే ఇద్దరికీ గిట్టుబాటే. బలవంతం లేదు, ఇష్టమున్నవాడు వస్తాడు.

ఇళ్ల సంగతి ఇలా ఉంటే, బతుకుతెరువు విషయంలో చట్టం చాలా స్పష్టంగా ఉంది, అందుకే అక్కడి నిర్లక్ష్యం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను కదల్చకూడదు. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే కమిటీలో కనీసం నలభై శాతం వ్యాపారులే ఉండాలి. 2024 జనవరి ఆఖరున మాదాపూర్ ప్రాంతంలో సోషల్ మీడియాలో పేరుపడ్డ ఒక భోజనాల బండిని ట్రాఫిక్ కారణంగా పోలీసులు తీయించబోతే గగ్గోలు లేచింది, ముఖ్యమంత్రి జోక్యం చేసుకుని అక్కడే ఉండనివ్వమన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక బండి నిలబడటానికి ముఖ్యమంత్రి మాట కావలసి వచ్చిందంటే, యూట్యూబు కెమెరా చేరని మిగతా బండ్ల సంగతేమిటని అడిగినవాళ్లు తక్కువ. ఆ ఆదేశంలో దయ ఉంది, 2014 చట్టం ప్రస్తావన లేదు. ట్రాఫిక్ సమస్య కల్పితమని కాదు. పదివేల కార్ల పార్కింగుకు సెల్లార్లలో చోటు లెక్కగట్టే లేఅవుట్‌లో పది బండ్లకు చోటు గీయడం కష్టమేమీ కాదని.

దూరంగా ఉండి రావచ్చు కదా అన్నది అన్నిటికంటే తరచుగా వినబడే మాట. 2023 డిసెంబరునుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. ఇది చిన్న సాయం కాదు, పనికి వెళ్లే ఆడవాళ్ల చేతిలో నెలకు వెయ్యో పన్నెండు వందలో మిగిల్చింది. కానీ ఉచిత బస్సు డబ్బు మిగిలిస్తుంది, పొద్దు మిగిల్చదు. పొద్దున ఆరున్నరకు మొదటి ఇంట్లో గిన్నెలు తోమి, పిల్లల్ని బడికి పంపడానికి ఇంటికొచ్చి, మళ్లీ పదింటికి ఆఫీసు హౌస్‌కీపింగుకు వెళ్లే ఆమె రోజు నడిచేదే ఇల్లు పది నిమిషాల దూరంలో ఉన్నందుకు. గంటన్నర దూరం వెళ్తే ఆ మూడు పనుల్లో ఒకటే మిగులుతుంది. 2023 జూన్‌లో ప్రారంభించిన కొల్లూరు రెండు పడక గదుల సముదాయం 15,660 ఇళ్లది, చూడచక్కనిది, పేదల ఇళ్లలో దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. అది సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగ్ రోడ్డు అంచున ఉంది. గది విశాలమైంది, నగరం దూరమైంది. పనిమనుషులు దగ్గర్లో లేకపోతే మన ఇళ్లు ఎలా నడుస్తాయి అని ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపుల్లో మొదలైన బెంగను ఈ వాదనకు ఆసరా చేసుకోవచ్చు, కానీ చేసుకోకూడదు. ఎవరి సౌకర్యం కోసమో కాక, ఇరవై ఏళ్లు ఒక చోట పనిచేసినవాళ్లకు ఆ చోటు బాగుపడ్డప్పుడు అందులో ఉండే వీలు వాళ్ల కోసమే ఉండాలి.

ఇంతకీ ఖర్చెంత? రమారమి లెక్క వేయవచ్చు. ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు. సగం జాగా ఖాళీ వదిలి తొమ్మిదంతస్తులు వేస్తే దాదాపు లక్షా తొంభై ఆరు వేల అడుగుల కట్టడం. మెట్లు, వరండాలు, లిఫ్టులకు ముప్పై శాతం తీసేస్తే రెండు వందల యాభై అడుగుల గదులు ఐదు వందల నలభై పైచిలుకు. అడుగుకు మూడు వేలు వేసుకుంటే కట్టడానికి 59 కోట్లు. గదికి నెలకు ఆరు వేలు అద్దె వస్తే ఏడాదికి నాలుగు కోట్లకు కాస్త తక్కువ, పెట్టుబడి మీద ఆరున్నర శాతం పైన. మరమ్మతులు, ఖాళీలు పోను అందులో కొంత తరుగుతుంది, అయినా మునిగిపోయే లెక్క కాదు. ముంచేది భూమి ధర: 2023 కోకాపేట సగటు ఎకరాకు 73 కోట్లు ఇందులో కలిపితే రాబడి మూడు శాతానికి పడిపోతుంది, ఏ ప్రైవేటువాడూ రాడు. అంటే ఈ గదులు ఒక్క ప్రభుత్వమే కట్టగలదు, అదీ భూమి అమ్మేయక ముందే. 45 ఎకరాల్లో రెండు ఎకరాలు పక్కన పెడితే వేలం రాబడి నాలుగు నాలుగున్నర శాతం తగ్గుతుంది, ఆ రెండు ఎకరాలూ ఎప్పటికీ ప్రభుత్వ ఆస్తిగానే ఉంటాయి. 2007 జాతీయ గృహ విధానం ప్రతి కొత్త నివాస ప్రాజెక్టులో పది పదిహేను శాతం భూమి బలహీన వర్గాలకు, అల్పాదాయ వర్గాలకు కేటాయించమంది. దాని పక్కన ఈ కోరిక సగం కూడా కాదు.

ఆఖరి అభ్యంతరం అనుభవం నుంచి వచ్చేది, తోసిపుచ్చలేనిది: సర్కారుకు ఇళ్లు కట్టడం వచ్చు, నడపడం రాదు. అద్దె వసూలు కాదు, లిఫ్టు పాడైతే బాగుచేయరు, ఎన్నికల ముందు ఎవరో ఒకరు పట్టాలిచ్చేస్తామంటారు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో అల్పాదాయ వర్గాల కోసం కట్టి అమ్మేసిన ఇళ్లలో ఇప్పుడు ఎన్ని హాస్టళ్లు, ఎన్ని బట్టల షాపులు అయ్యాయో చూస్తే ఈ అనుమానం బలపడుతుంది. అమ్మితే ఏమవుతుందో అక్కడ కనబడుతోంది, కాబట్టే అమ్మకూడదు, పంచకూడదు, అద్దెకే ఇవ్వాలి. ఈ ఊరికి అది కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలు తొలగించిన చోట్ల, ఊరి నడిబొడ్డునే వరసగా ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది. రాచరికపు సర్కారు చేసిన ఆ పనిలో లోపాలున్నాయి, బస్తీలు ఖాళీ చేయించిన తీరు సుకుమారంగా ఉండి ఉండదు. అయినా ప్రభుత్వం ఓనరుగా ఉంటూ నెలనెలా అద్దె తీసుకోవచ్చని, ఆ ఇళ్లు ఊరి బయట కాక ఊళ్లోనే ఉండాలని అప్పటివాళ్లకు తోచింది. సీఐబీ క్వార్టర్స్ అన్న పేరు ఇప్పటికీ హైదరాబాద్ చిరునామాల్లో మిగిలి ఉంది. నియోపొలిస్‌లో గానీ రాయదుర్గంలో గానీ తర్వాతి వేలానికి ప్లాట్ల పట్టిక తయారుచేసే అధికారి ముందు ఆఫీసులు, హోటళ్లు, నివాస టవర్లకు గడులు ఎలాగూ ఉంటాయి. అద్దె గదులకని ఒక గడి గీయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఆ ప్లాటు నంబరును పాటకు పెట్టకుండా ఆపితే చాలు.